ఒకటో నంబరు మిరపకాయ

తాలు మిరపకాయ అవునా, కాదా?

ఈ ప్రశ్నకు జవాబు ఇది రాస్తున్న చేతికి ఇప్పటికీ తెలియదు. తెలుసని చెప్పినవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో కొందరికి డాక్టరేట్లున్నాయి, కొందరికి ఏసీ గదులున్నాయి, ఒకాయనకు రెండూ ఉన్నాయి. సుబ్బరావమ్మకు రెండూ లేవు. ఆవిడకు ఉన్నదల్లా ఒక నాలుక.

మిరప సంగతి ఎరగని వాళ్ళ కోసం రెండు ముక్కలు. కళ్ళంలో ఎండబోసిన కాయల్లో మంచివి ఎర్రగా నిగనిగలాడతాయి. పురుగు తాకినవీ, అకాలపు వానకు తడిసినవీ తెల్లమచ్చలు పడి పాలిపోతాయి. వాటిని ఏరి వేరే రాశి పోస్తారు. అదే తాలు. కాయల ధర కాయలది, తాలు ధర తాలుది. రైతును పలకరించేవాడు కూడా "కాయలెన్ని టిక్కీలు, తాలెన్ని టిక్కీలు?" అనే అడుగుతాడు. టిక్కీ అంటే మిర్చి బస్తా. ఇందులో ఎవరికీ ఏనాడూ అనుమానం రాలేదు. అనుమానం రావాలంటే బాగా చదువుకోవాలి.

చిలకలూరిపేట దాటాక హైవే పక్కన ఒక మిర్చి యార్డు ఉంది. దాని పేరుతో మనకు పని లేదు. పేర్లు పెట్టేవాళ్ళు తర్వాత వస్తారు. ఆ యార్డులో కాయలు ఏరే ఆడవాళ్ళ ముఠాకు సుబ్బరావమ్మ మేస్త్రి. నలభై ఏళ్ళ నుంచి అదే పని. అరవై దాటినా నడుం వంగలేదు, చూపు తగ్గలేదు. వినుకొండ దగ్గర ఒక పల్లెలో ఎనిమిదో ఏట కళ్ళంలో కూర్చుంది. బడిలో కూర్చోవడానికి ఆ తర్వాత తీరిక దొరకలేదు. పెళ్ళయ్యాక అత్తారి ఊళ్ళో ఎకరం కౌలుకు తీసుకుని మిరప వేసేవాళ్ళు. మొగుడు పోయి తొమ్మిదేళ్ళయినా ఆ ఎకరం వదల్లేదు. పొద్దున యార్డు, సాయంత్రం చేను.

అయితే ఆవిడ అసలు ఉద్యోగం ఏ జీతాల పట్టీలోనూ లేదు. రాశి దగ్గర రైతు "కాయ" అంటాడు, ఖరీదుదారు "తాలు" అంటాడు. గొంతులు లేస్తాయి. తలగుడ్డలు భుజం మీదికి దిగుతాయి. కాసేపటికి ఎవరో "సుబ్బరావమ్మను పిలవండ్రా" అంటారు. ఆవిడ చీర కుచ్చెళ్ళు దులుపుకుంటూ వచ్చి, రాశి పైనుంచి కాకుండా అడుగునుంచి ఒక కాయ లాగి, తుంచి, వాసన చూసి, ఒక గింజను నాలుక కింద పెట్టుకుని కళ్ళు మూసుకుంటుంది. తర్వాత ఒక్క మాట. "కాయ." లేదా, "తాలు." రెండో మాట ఉండదు. ఎందుకని అడిగితే చెప్పదు, మళ్ళీ చూడమంటే చూడదు. రైతూ ఖరీదుదారూ ఇద్దరూ దానికి తలొంచుతారు. ఒక ఏడు మొగుడి రాశి దగ్గరే తగాదా వస్తే, అందరి ముందూ గింజ నమిలి "తాలు" అంది. ఆయన మూడు రోజులు ఇంట్లో అన్నం తినలేదు. నాలుగో రోజు తిన్నాడు. వండింది ఆవిడే మరి.

ఆ నాలుక కోసం ఆవిడ నలభై ఏళ్ళుగా కారం తినదు. పెరుగన్నం, చప్పిడి పప్పు, పొట్లకాయ పాలు పోసిన కూర. గుంటూరు సీమలో పుట్టి, మిరపలో బతికి, కారం లేని కూడు తినే మనిషి ఆవిడొక్కతే అయ్యుంటుంది. "మీ ఇంటికి భోజనానికొస్తే ఆస్పత్రికొచ్చినట్టు ఉంటది వదినా" అని గేటు గుమాస్తా బాపయ్య వెక్కిరించేవాడు. వరసకు మరిది. వెక్కిరించే హక్కు అతనికి పుట్టుకతో వచ్చింది.

ఇట్లా ఉండగా, కిందటేడు మాఘమాసంలో తాడేపల్లి నుంచి జ్ఞానం వచ్చింది.

అక్కడ కృష్ణ కనబడేట్టు కట్టిన ఒక అద్దాల మేడలో 'వ్యావసాయిక జ్ఞాన నిర్మాణ కేంద్రం' అని ఒకటి వెలిసింది. దాని అధిపతి డాక్టర్ ఆత్రేయ. ఐరోపాలో ఏడేళ్ళు ఉండి, ఆంటాలజీ అనే శాస్త్రంలో పరిశోధన చేసి వచ్చాడు. లోకంలో ఏయే రకాల వస్తువులున్నాయి, ఏది దేనిలోకి వస్తుంది, ఒకటైనది మరొకటి ఎందుకు కాకూడదు అన్నవి తర్కం తప్పకుండా సూత్రాలుగా రాసి కంప్యూటర్లకు నేర్పే శాస్త్రం అది. కంప్యూటర్‌కు పేర్లు తెలుసుగానీ పేర్ల వెనక ఏముందో తెలియదు. ఆ శాస్త్రం అవసరం లేదని కొట్టిపారేయడానికీ లేదు. ఒక్క రైతు పండించిన ఒక్క మిరప, ఒక ఆఫీసు కంప్యూటర్‌లో వాణిజ్య పంట, ఇంకో దాంట్లో సుగంధ ద్రవ్యం, కోల్డ్ స్టోరేజీలో లాటు, అప్పిచ్చిన చోట హామీ, బీమా దగ్గరికొచ్చేసరికి 'వివరాలు లభ్యం కాలేదు'. ఇవన్నీ ఒకటే వస్తువని ఆ కంప్యూటర్లకు ఎవరో చెప్పాలి. చెప్పాలంటే ముందు మనకు తెలియాలి. అక్కడే వచ్చింది చిక్కు.

తెలిసిన మనిషి కోసం వెతుక్కుంటూ ఆ కేంద్రం నుంచి అలేఖ్య యార్డుకు వచ్చింది. గుంటూరు బ్రాడీపేట పిల్ల, ఇరవయ్యారేళ్ళు, చేతిలో పలకలాంటి కంప్యూటర్. ఏరేవాళ్ళ మధ్యలో గోనెసంచి మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, మూడుసార్లు తుమ్మి, మొదటి ప్రశ్న వేసింది.

"సుబ్బరావమ్మ గారూ, మిరపకాయ అంటే ఏంటండీ?"

సుబ్బరావమ్మ ఆ పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదు.

"మీ ఇంట్లో కూరలెవరు వండుతారమ్మా?"

"మా అమ్మండీ."

"మరి ఆవిణ్ణి అడక్కపోయావా? ఇంత దూరం బస్సెక్కి రావాలా?"

పక్కన కూర్చున్న జాన్‌బీ ఒడిలో కాయలు ఒలికేలా నవ్వింది. ముప్పై ఏళ్ళుగా సుబ్బరావమ్మ పక్కనే కూర్చుని ఏరే మనిషి. ఆవిడ నవ్వితే యార్డు సగానికి వినిపిస్తుంది.

అలేఖ్య వెనక్కి తగ్గే పిల్ల కాదు. "అట్లా కాదండీ. ఇప్పుడు నేనున్నానా. మొన్నటిదాకా కాలేజీ అమ్మాయిని, ఇవాళ ఉద్యోగిని. రేపు ఈ ఉద్యోగం పోయినా నేను నేనే. కానీ మనిషిని కాకుండా పోయాననుకోండి, ఇంక నేననేదే ఉండదు. అట్లాగే మిరపకాయకి ఏది పోయినా పర్లేదు, ఏది పోతే అది మిరపకాయ కాకుండా పోతుంది అని."

"శుభమా అని వచ్చి, ఉద్యోగం పోవటమేంది, మనిషి కాకుండా పోవటమేంది!" అంది జాన్‌బీ. "అక్కా, పిల్లకి మజ్జిగ పోయించు. ఎండ దెబ్బ."

మజ్జిగ తాగి అలేఖ్య మళ్ళీ మొదలుపెట్టింది. వారం రోజులు వచ్చింది. రంగేమిటి, పొడవేమిటి, తొడిమ ఎప్పుడు ఊడుతుంది, తేజ రకానికీ బాడిగ రకానికీ తేడా ఏమిటి. సుబ్బరావమ్మ చెయ్యి ఆపకుండా చెబుతూ పోయింది. ఆవిడ చెప్పినవన్నీ నాలుగు వందల పన్నెండు సూత్రాలయ్యాయి. తన బుర్రలో ఇన్ని ఉన్నాయని ఆవిడకు అప్పటిదాకా తెలియదు. తెలిస్తే తలనొప్పి వచ్చేది.

ఏడో రోజు సాయంత్రం ఆ ప్రశ్న వచ్చింది.

"తాలు కూడా మిరపకాయేనా అండీ?"

ముఠా మొత్తం చేతులు ఆపి చూసింది.

"కాదు" అంది సుబ్బరావమ్మ.

"మరేంటండీ?"

"తాలు."

"అంటే మిరపకాయల్లోనే ఒక రకం అనుకోవచ్చా?"

"అనుకుంటే నీ ఇష్టం. మిరపకాయలు కావాలన్నవాడికి తాలు తూచి ఇచ్చి చూడు, ఏవంటాడో."

మళ్ళీ అడగమని కేంద్రంలో నియమం ఉంది. మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ అదే మాట. చివరిసారి మాటతో పాటు ఒక చూపు కూడా వచ్చింది. అలేఖ్య రికార్డు చేసుకుని, కాగితం మీద సంతకం తీసుకుంది. సుబ్బరావమ్మ సంతకంలో ఐదక్షరాలు ఉంటాయి, ఐదూ ఐదు దిక్కులు చూస్తాయి.

తిరుగు బస్సులో అలేఖ్యకు ఒక సందేహం తగిలింది. తాలు కూడా నిన్నటిదాకా చెట్టు మీద కాయే కదా? ఆ పెద్దావిడ అమ్మకం మాట చెప్పిందా, వస్తువు మాట చెప్పిందా? సుబ్బరావమ్మ జవాబు కింద చిన్న అక్షరాలతో 'ఈ జవాబు బేరం సందర్భానిది కావచ్చు, మళ్ళీ విచారించాలి' అని రాసింది. ఆత్రేయ అది చదివి చిరునవ్వు నవ్వాడు.

"అలేఖ్యా, నిపుణురాలు మూడుసార్లు చెప్పింది. మనం నిపుణుల కన్నా ఎక్కువ తెలుసుకోవటం మొదలుపెడితే ఇంక శాస్త్రమెందుకు?" అన్నాడు. పైగా కేంద్రం వారి నమూనా పత్రంలో కింద చిన్న అక్షరాలకు చోటు లేదు. సందేహం తీసేశారు. పద్నాలుగో సూత్రం ఖాయమైంది: ఏ వస్తువూ ఏకకాలంలో మిరపకాయా తాలూ కాజాలదు, తాలు అయినదేదీ మిరపకాయ కాదు.

ఆ తర్వాత ఆత్రేయ స్వయంగా యార్డుకు వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల బూట్లు. ఐదు నిమిషాల్లో రెండూ మిరప రంగుకు తిరిగాయి. మిరపకాయ అనే వర్గానికి ఆనవాలుగా ఒక ఆదర్శమైన కాయ కావాలనీ, అది ఆ వర్గంలో ఒకటో నంబరుగా శాశ్వతంగా ఉంటుందనీ చెప్పాడు. సుబ్బరావమ్మకు ఆయన చెప్పినవాటిలో ఈ ఒక్కటే అర్థమైంది. గంటసేపు పది రాశులు కెలికి, ఒక తేజ కాయ తీసింది. తొడిమ నుంచి ముక్కు దాకా ఒక్క మచ్చ లేదు. చెవి దగ్గర ఆడిస్తే గింజలు గలగలమన్నాయి.

"దీన్నెక్కడ పెడతారు బాబూ?"

"అద్దాల పెట్టెలోనమ్మా. పైన లైటు. అందరికీ కనబడేట్టు."

"లైటు కింద పెట్టబాకండి. రంగు దిగుద్ది. గుడ్డలో చుట్టి చీకట్లో పెట్టుకోండి."

"అది ప్రత్యేకమైన లైటమ్మా" అన్నాడు ఆత్రేయ, పిల్లలకు చెప్పినట్టు.

ఆవిడ రెండో మాట అనలేదు. అలవాటు లేదు.

సూత్రాలు కంప్యూటర్‌కు ఎక్కడానికి ఏడాది పైన పట్టింది. కొత్త వ్యవస్థను ఈ ఏడు ఏప్రిల్ చివర్లో ప్రారంభించారు. సీజన్ మొదట్లో ప్రారంభిస్తే పని ఎక్కువ పడుతుందని. గేటు దగ్గర కెమెరా నిలబెట్టారు. బస్తా మూతి విప్పి దాని ముందు పెట్టాలి. అది చూసి, ఏ వస్తువో తేల్చి, పచ్చ లైటు వెలిగిస్తే లోపలికి, ఎర్ర లైటు వెలిగిస్తే ఇంటికి. మొదటి రోజు తాలు వేసుకొచ్చిన మొదటి బండికే ఎర్ర లైటు వెలిగింది. తెర మీద చక్కటి తెలుగులో వచ్చింది: 'ఇది తాలు. మిరపకాయ కాదు. ఈ యార్డులో మిరపకాయలకు మాత్రమే ప్రవేశం.'

బాపయ్య రెండుసార్లు తెర తుడిచాడు. మాట మారలేదు.

"ఏందయ్యా ఇది, ముప్పై ఏళ్ళ నుంచి ఇక్కడే అమ్ముతున్నా!" అన్నాడు రైతు.

"నామీద అరిస్తే ఏం లాభం? మిరపకాయ కాదంట. మా వదిన చెప్పిందంట. రికార్డుందంట."

వారం తిరిగేసరికి గేటు బయట తాలు బస్తాలు వరస కట్టాయి. ఎవరు వచ్చి అడిగినా బాపయ్య ఏరేవాళ్ళ షెడ్డు వైపు వేలు చూపించేవాడు. ఊళ్ళవాళ్ళు సుబ్బరావమ్మను చూసి పలకరించడం మానేశారు. ఆవిడ తల ఎత్తకుండా ఏరుకునేది. ఆవిడ అన్న మాట అబద్ధం కాదు. నలభై ఏళ్ళలో వేల రాశుల దగ్గర అన్న మాటే. రాశి దగ్గర అన్నప్పుడు తగాదా తెగేది. కంప్యూటర్‌లో పడ్డాక తగాదా పుట్టింది. ఎక్కడ తేడా కొట్టిందో ఆవిడకు అంతు పట్టలేదు.

అన్నిటికన్నా వింత, ఆ వరసలో ఆవిడ బస్తాలు కూడా చేరాయి. ఈ ఏడు ఆఖరి కోత కళ్ళంలో ఉండగా వాన పడింది. పట్టాలు కప్పేలోపే తడిసింది. ఎండాక చూస్తే ఎకరం మొత్తం మీద మిగిలింది పదకొండు టిక్కీల తాలు. కోల్డ్ స్టోరేజీలో తాలు పెట్టుకోరు. యార్డుకు వేసవి సెలవులు ఇంకో ఐదు రోజుల్లో. తలుపులు మూస్తే మళ్ళీ తెరిచేది నెల తర్వాత, తొలకరి చినుకుల్లో. ఆ చెమ్మకు తాలు బూజు పట్టి, తాలు కూడా కాకుండా పోతుంది. ఈ ఐదు రోజుల్లో గేటు దాటితే ఏడాది కష్టం చేతికొచ్చినట్టు. లేకపోతే గట్టున పారబోసినట్టు.

గేటు ముందు ట్రక్ ఆటో ఆవిడ బస్తాలు దించిన రోజు బాపయ్య పక్కకు పిలిచాడు.

"వదినా, ఒక చిటకా చెప్తా విను. మిగతావాళ్ళు కొందరు నిన్నటి నుంచి అదే చేస్తన్నారు. మూతి దగ్గర నాలుగు దోసిళ్ళు మంచి కాయలు పొయ్యి. దానికి మూతి తప్ప అడుగు కనపడదు. 'మిరపకాయ' అని పచ్చ లైటేసి దణ్ణం పెట్టి పంపిద్ది."

సుబ్బరావమ్మ అతని వైపు చూసింది. మూతి దగ్గర మంచి కాయలు పోసి అడుగున తాలు నింపిన బస్తా దొరికితే, యార్డు నడిమధ్యకు లాక్కెళ్ళి అందరూ చూసేట్టు బోర్లించేది ఆవిడే. అట్లా బోర్లించిన వాటికి లెక్క లేదు. ఇప్పుడు తాలును తాలని చెప్పి తెచ్చినవాడు బయట, మోసం చేసి తెచ్చినవాడు లోపల. నాలుగు వందల పన్నెండు సూత్రాలూ ఏడాది శ్రమపడి ఈ ఏర్పాటు చేశాయి.

"నా బస్తాని నేనే బోర్లించుకోవాలా బాపయ్యా?"

"ఎవరు చూడొచ్చారు?"

"నేను చూస్తన్నాగా."

జాన్‌బీ కొంగు దోపుకుని మీదికొచ్చింది. "ఏందక్కా నీ పంతం! మాట పట్టుకుని వేలాడితే తాలు ఎండుద్దా, అమ్ముడుపోద్దా? పోనీ ఆ పిల్లకి ఫోన్ చేసి, 'తాలు కూడా మిరపకాయేనమ్మా, పొరపాటున అన్నా' అని చెప్పు. నోటిదేగా, నీ సొమ్మేం పోయింది?"

"రేపు రాశి దగ్గర ఇద్దరు కొట్టుకుంటా ఉంటే ఎవర్ని పిలుస్తారే?"

జాన్‌బీ దోపిన కొంగు విప్పుకుని బస్తా మీద కూర్చుంది. ఆవిడ వాదన మధ్యలో వదలడం చాలా అరుదు.

ఆ సాయంత్రమే అలేఖ్య ఫోన్ చేసింది. గేటు సంగతి విన్నానంది, గొంతులో బాధ ఉంది. పద్నాలుగో సూత్రం మార్చాలంటే నిపుణురాలి మాట మారాలనేది కేంద్రం నియమమంది. ఇంతలో ఫోన్ ఆత్రేయ తీసుకున్నాడు.

"నమస్కారం సుబ్బరావమ్మ గారూ! శుక్రవారం మా దగ్గర పెద్ద సభ. మీకు సన్మానం కూడా పెట్టాం. కారు పంపిస్తాను. మీరు వేదిక ఎక్కి 'తాలు కూడా ఒక రకం మిరపకాయే' అని ఒక్క మాట అనండి చాలు. అప్పటికప్పుడే సూత్రం మార్చి మీ గేటు తెరిపిస్తాను. మీ బస్తాలు కూడా ఉన్నాయట కదా."

శుక్రవారమే యార్డుకు ఆఖరి రోజు.

కారు వచ్చింది. బస్తాల దగ్గర జాన్‌బీని కాపలా పెట్టి సుబ్బరావమ్మ ఎక్కింది. ఆ అద్దాల మేడలో చలికి కొంగు భుజాల చుట్టూ కప్పుకుని ముందు వరసలో కూర్చుంది. వేదిక మీద ఈ చివర నుంచి ఆ చివరికి అక్షరాలు: 'సమాచార వ్యవస్థల్లో వస్తుతత్త్వ నిర్ణయం: మిరప అనుభవం'. అనుభవం మిరపదే అయ్యుండాలి. అక్కడున్నవాళ్ళెవరికీ అది ఉన్నట్టు లేదు. ఒకాయన గంటసేపు మాట్లాడాడు. గుణం వేరు, గుణం కలిగిన వస్తువు వేరు అన్నాడు. అందరూ రాసుకున్నారు. సుబ్బరావమ్మ గడియారం చూసుకుంది. యార్డులో వేలం పాటలు సాయంత్రం నాలుగుకు ఆఖరు. పదకొండున్నర అయింది.

తర్వాత ప్రదర్శన. ముఖ్య అతిథి చూస్తుండగా అద్దాల పెట్టె మీది పట్టు గుడ్డ తొలగించారు. లోపల పద్నాలుగు నెలలుగా లైటు కింద వెలుగుతున్న ఒకటో నంబరు మిరపకాయ. అలేఖ్య లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది; గేటు కెమెరా లాంటిదే ఇంకొకటి దాని ఎదురుగా నిలబెట్టారు.

"చూడండి," అన్నాడు ఆత్రేయ, "మన వ్యవస్థ ఈ వస్తువును ఎంత నిస్సందేహంగా గుర్తుపడుతుందో."

వ్యవస్థ నిస్సందేహంగానే గుర్తుపట్టింది. పెద్ద తెర మీద ఎర్రటి అక్షరాలు: 'ఇది తాలు. మిరపకాయ కాదు.'

హాల్లో తలలన్నీ పెట్టె వైపు తిరిగాయి. పెట్టెలో ఉన్న కాయ ఎండిన మామిడాకు రంగులో ఉంది. సుబ్బరావమ్మ గంటసేపు ఏరి ఇచ్చిన ఎరుపు ఆనవాలుకు కూడా లేదు.

ముఖ్య అతిథి కళ్ళజోడు సర్దుకుని, "అంటే... మిరపకాయకు ఆదర్శం మిరపకాయ కాదన్నమాట" అన్నాడు. ఆయనకు ఇందులో లోతైన తత్త్వం ఏదో ఉందనిపించింది.

ఆత్రేయ నుదురు తుడుచుకుని, ఇంతకన్నా మంచి తరుణం ఉండదనుకున్నట్టు, ముందు వరస వైపు తిరిగాడు. "మన నిపుణురాలు ఇక్కడే ఉన్నారు. రండమ్మా. వర్గీకరణ విషయంలో వారే ఒక సవరణ చెబుతారు. ఇది మిరపకాయా, తాలా? పోనీ రెండూనా?" 'రెండూనా' దగ్గర కన్ను కొంచెం చిట్లించాడు.

సుబ్బరావమ్మ వేదిక ఎక్కింది. మైకు వైపు వెళ్ళలేదు. పెట్టె మూత తీసి, కాయ బయటికి లాగింది. ఎవరో "ముట్టుకోకూడదు" అన్నారు. ఆవిడ అప్పటికే తుంచింది. వాసన చూసింది. గింజ నాలుక కింద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. చాలలేదు కాబోలు, మిగతా కాయ కూడా నోట్లో వేసుకుని నమిలింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"కాయ" అంది.

"కానీ కెమెరా..."

"రంగు దిగింది. ఘాటు దిగలా. చీకట్లో పెట్టుకోమని అప్పుడే చెప్పా."

"అది సరేనమ్మా," ఆత్రేయ ఒక అడుగు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "తాలు సంగతి. గేటు సంగతి. ఆ ఒక్క మాట."

తీర్పు తర్వాత రెండో మాట ఎరగని ఆవిడ ఆ రోజు మూడో మాటా అంది. అది కూడా ఆయనతో కాదు, లాప్‌టాప్ దగ్గర కూర్చున్న పిల్లతో.

"అమ్మాయ్, నువ్వు మమ్మల్ని ఎక్కడ కూర్చుని అడిగావు? రాశి దగ్గర. రాశి దగ్గర అడిగితే తాలు తాలే. చచ్చేదాకా అదే చెప్తా. గేటుకి దాంతో ఏం పని? గేటు అడగాల్సింది ఏ చెట్టుకి కాసిందని. మిరప చెట్టుకి కాసిందా, లోపలికి రానియ్యి. కాయా తాలా అనేది లోపలికొచ్చాక మేం చూసుకుంటాం. మా దగ్గర పుట్టిన ప్రశ్నని తీసుకుపోయి గేటుకి కట్టారు మీరు."

అలేఖ్య లాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. తర్వాత వేళ్ళు కదిలాయి. చెట్టు ఏది అన్నది కాయకు ఎప్పటికీ పోనిది. కాయా తాలా అన్నది నడుమ వచ్చేది. తీసేసిన ఆ చిన్న అక్షరాల సందేహంలో తను చెప్పబోయింది ఇదే. పద్నాలుగో సూత్రాన్ని గేటు నుంచి విప్పి రాశి దగ్గర కట్టడానికి నాలుగు వాక్యాలు చాలాయి.

అదెవరూ గమనించలేదు. వేదిక మీద అంతకన్నా పెద్ద సంక్షోభం నడుస్తోంది. నాలుగు వందల పన్నెండు సూత్రాల్లో సగం ఒకటో నంబరు కాయను ఆనవాలుగా చూపిస్తున్నాయి. ఆ కాయ ఇప్పుడు లేదు. లేని వస్తువు వర్గంలో సభ్యురాలిగా ఉండవచ్చా అని ఒకాయన లేచాడు. ఉన్నప్పుడు ఉంది కనుక ఉన్నట్టే అని మరొకాయన. నిపుణురాలిలో అది భాగమైంది కనుక ఒకటో నంబరు ఇప్పుడు ఆవిడేనా అని వెనక వరసలో ఒకాయన చాలా నిజాయితీగా అడిగాడు. ఫైల్లో 'పోయినది' అని రాయాలా, 'వినియోగించబడినది' అని రాయాలా అని ముఖ్య అతిథి సెక్రటరీని అడిగాడు. ఉపసంఘం వేద్దామని ఆత్రేయ అన్నాడు. దానికి మాత్రం అందరూ ఒప్పుకున్నారు.

సుబ్బరావమ్మ మెల్లగా వేదిక దిగింది. కుర్చీలో ఆవిడ కోసం మడిచి పెట్టిన శాలువా, దాని మీద జ్ఞాపిక ఉన్నాయి. పక్క గదిలోంచి గోంగూర, కోడికూర వాసన వస్తోంది; గుంటూరు నిపుణురాలి కోసమని వంటవాడికి కారం రెట్టింపు వేయమని చెప్పారట. వరండాలో కుళాయి తిప్పి నోరు పుక్కిలించుకుంది. నలభై ఏళ్ళ తర్వాత మింగిన కాయ గొంతులో ఇంకా మండుతోంది. మంచి కాయ.

బొడ్లో ఫోన్ మోగింది.

"వదినా!" బాపయ్య అరుపుకు అద్దాలు అదిరాయి. "పచ్చ లైటేసిందే! 'మిరప పంట, ప్రవేశించవచ్చు' అంటంది. జాన్‌బీ ముందు నీ బస్తాలే తోయించింది, వరసలో ఉన్నోళ్ళతో కొట్లాడి మరీ. పదకొండూ లోపలున్నయ్. మన షెడ్డు ముందు పోయిస్తన్నా. ఖరీదుదారు అడుగుతున్నాడు, రాశి దగ్గర ఏమని చెప్పమంటావు?"

"తాలు అని చెప్పు" అంది.

"నువ్వొచ్చేదాకా ఆగమననా?"

"నాలుగింటిదాకా ఆగమను. వస్తన్నా."

హాల్లోంచి మైకులో తన పేరు వినిపించింది. సన్మానానికి వేదిక మీదకు రావలసిందిగా కోరుతున్నారు. తలుపు సందులోంచి చూస్తే అలేఖ్య లాప్‌టాప్ మీద నుంచి తలెత్తి ముందు వరసలో ఖాళీ కుర్చీ వైపు చూస్తోంది. మైకులో రెండోసారి పిలిచారు, పేరుకు ముందు ఇంకో రెండు విశేషణాలు చేర్చి.

సుబ్బరావమ్మ మెట్ల దగ్గర వదిలిన చెప్పులు వెతుక్కుని కాళ్ళకు తొడుక్కుంది. గేటు దాటి, ఎండలో రోడ్డు మీదికి నడిచింది. కృష్ణ వారధి దిగి వస్తున్న, చిలకలూరిపేట మీదుగా పోయే ఒంగోలు బస్సుకు చెయ్యెత్తింది.